జోగులు పాలపిట్ట

మా మామయ్య జోగులుకీ అత్త అప్పలకొండమ్మకీ నలభై ఏళ్ళ కాపురంలో తెగని తగువు ఒక్కటే ఉండేది. అది ఒక పిట్ట గురించి.

విజయదశమి నాడు పాలపిట్టను చూడాలి కదా. చూసి దణ్ణం పెట్టుకుని పొలిమేర దాటి వస్తే ఆ ఏడంతా మంచే జరుగుతుంది. ఆ రోజు పాలపిట్ట కంటపడి కదిలినవాళ్ళకి తిథీ వారం చూసుకునే పని లేదు, ఏ దోషమూ అంటదు. ఇంతవరకు ఇద్దరిదీ ఒకే మాట. పేచీ అంతా పిట్ట దగ్గరే వచ్చింది. అండమాన్ దీవుల్లోని మా సిప్పీఘాట్‌లో పాలపిట్టను చూసినవాళ్ళు లేరు. మామయ్య శ్రీకాకుళం నుంచి ఓడెక్కి వచ్చి, అడవి కొట్టి పొలం చేసుకున్న తొలి ఏడు, దసరాకి పాలపిట్ట కోసం పొద్దంతా తిరిగాడట. తిరిగి తిరిగి, చివరికి ఉప్పుటేటి ఒడ్డున మడచెట్టు కొమ్మ మీద కూర్చున్న లకుముకి పిట్టకి దణ్ణం పెట్టేశాడట. నీలంగా ఉంది, ఇంకేం కావాలి అన్నాడట.

అత్త ఒప్పుకోలేదు. ఆమె సొంతూళ్ళో అసలు పాలపిట్టను చూసి పెరిగిన మనిషి.

“పాలపిట్ట కూకుంటే మట్టిరంగు, ఎగిరితే నీలం. ఇది కూకున్నా నీలమే, ఎగిరినా నీలమే. పైగా సేపలు తింటాది. సేపలు తినే పాలపిట్ట ఎక్కడైనా ఉంటాదేటి?” అనేది.

“రావుడు లంకకి ఎల్లినపుడు ఏ పిట్ట ఎదురొచ్చిందో నువ్వు సూసినావేటి? సముద్రం దాటినోడు గదా, ఇదే వొచ్చుంటాది,” అనేవాడు మామయ్య.

నా పెళ్ళయిన ఏడు దసరాకి నేనూ ఆ తంతు చూశాను. పొలంలోకి ఏటి నీళ్ళు రాకుండా ఆపే తూము దగ్గర మామయ్య అందరినీ వరసగా నిలబెట్టాడు. లకుముకి వచ్చి తూము గుంజ మీద వాలింది. మామయ్య, మా ఆయన రామ్‌ప్రసాద్ దణ్ణం పెట్టారు. అత్త చేతులు కట్టుకుని మొహం అటు తిప్పుకుంది. నేను ఇంకో దీవిలో, హట్‌బేలో పుట్టిన పిల్లని, అసలు పాలపిట్ట ఎలా ఉంటుందో నాకేం తెలుసు? కొత్త కోడలిని, ఎవరికి కోపం తెప్పించుకోవాలో తేల్చుకోలేక ఒక చేత్తో దణ్ణం పెట్టాను. రెండో చెయ్యి కొంగు సర్దుకుంటున్నట్టు పెట్టుకున్నాను.

ఆ ఒక్క పిట్ట తప్ప మిగతా పిట్టలన్నిటి మీదా అత్తదే పెత్తనం. కాకి అరిస్తే గ్లాసుడు బియ్యం ఎక్కువ పోసేది, చుట్టాలొస్తారని. జెముడుకాకి ఎదురైతే శుభం, కానీ ఈ దీవుల్లో అది నల్లగా ఉండక గోధుమరంగులో ఉంటుంది కనుక, “రంగు ఎలిసిపోయింది, సెకునం ఏపాటి పన్జేస్తాదో మరి,” అనుకుంటూనే బయల్దేరేది. మేం నవ్వుకునేవాళ్ళం.

సునామీ వచ్చిన పొద్దున్నతో ఆ నవ్వు పోయింది. భూమి ఊగి ఆగాక ఏరు పొంగి, కోసి పెట్టిన వరి వైపు పాకడం చూసి మామయ్య తూము మూయడానికి లేచాడు. అత్త గుమ్మంలో అడ్డం నిలబడి ఆకాశంకేసి చూపించింది. “కాకి ఒక్కటీ అరవడం నేదు. ఎల్లకు,” అంది. “ఆటికీ బయవేసుంటాది. ఇప్పుడే వొచ్చీస్తాను,” అని మామయ్య నవ్వుతూ ఆమెను పక్కకి జరిపి వెళ్ళాడు. మర్నాడు మడచెట్ల వేళ్ళ మధ్య దొరికాడు.

ఆ తర్వాత పిట్టల మాటలో అత్తకి ఎదురు చెప్పే నోరు మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

ఆ రోజు నీళ్ళు వచ్చి పోయి ఉంటే ఏడ్చి ఊరుకునేవాళ్ళం. నేలే కుంగిపోయింది. నడుమెత్తు దిగిందని కొలిచినవాళ్ళు చెప్పారు. సముద్రానికి అంతకంటే ఏం కావాలి? రోజూ రెండుసార్లు పోటు వచ్చి మా పొలం నిండా నిలబడేది. పాటుకి తీసేది. తీసిన చోట నల్లటి బురద, పోకచెట్ల మొండేలు. మా ఇల్లు కాస్త దిబ్బ మీద ఉండబట్టి మిగిలింది. పోటు వేళ రోడ్డుకి వెళ్ళే గట్టు మునిగిపోయేది, ఇంటి చుట్టూ నీళ్ళే. పక్కింటి గవరమ్మ వాళ్ళు, ఆ పక్కవాళ్ళు, అందరూ సర్కారు వేసిన రేకుల షెడ్లకి వెళ్ళిపోయారు. మిగిలింది మేము, మాకు కాస్త అవతల పోలిరాజు. అతను వరి పోయిన తన పొలంలోనే వల వేసి చేపలు పట్టుకుంటూ, ఒక చిన్న డింగీ పడవ సంపాదించి తిరుగుతుండేవాడు.

వానలు మొదలయ్యేసరికి నాకు నాలుగో నెల. పురిటికి పుట్టింటికి పోదామంటే హట్‌బేలో మా వాళ్ళ ఇల్లు పునాదులతో సహా పోయింది, అమ్మానాన్నా అక్కడ షెడ్డులో ఒక్క గదిలో ఉంటున్నారు. మా ఆయన బాంబూఫ్లాట్ ఫెర్రీలో పని. డ్యూటీకి పోతే పోటూపాటూ చూసుకుని రావాలి. ఇంట్లో నేనూ అత్తా.

పగలు పోటు నన్ను కట్టేసేది. గట్టు పాచి పట్టి జారేది, ఆ కడుపుతో అడుగు వేయనిచ్చేవాళ్ళు కాదు. సాయంత్రం నీళ్ళు తీసినా కదలడానికి లేదు. అప్పుడు పిట్టలు కట్టేసేవి. కడుపుతో ఉన్న మనిషి మీంచి పొద్దుగూకే వేళ పక్షి దాటితే బిడ్డకి పక్షిదోషం కొడుతుందని అత్త భయం. ఇదివరకు ఆ వేళకి నాలుగు మైనాలు పోయేవేమో. ఇప్పుడు మునిగిన పొలాల కోసం ఎక్కడెక్కడి కొంగలూ వచ్చి పడ్డాయి. సాయంత్రమయ్యేసరికి మా ఇంటి మీదుగా బారులు బారులుగా మడతోపులోకి పోయేవి. అత్త తలుపు వేసి గడియ పెట్టేది.

“కాసేపు వాకిట్లో కూర్చుంటానత్తా. ఊపిరాడడం లేదు.”

“కిటికీ ఉంది గదా. ముక్కు అక్కడ పెట్టు.”

ఆ కిటికీలోంచి చూస్తే నీళ్ళు, నీళ్ళలో ఎండిన చెట్లు, చెట్ల మీద కొత్త పిట్టలు. ముక్కు పొడుగ్గా వంకరగా ఉన్న పిట్టలు వచ్చి బురదలో కెలుక్కుంటూ, ఉన్నట్టుండి గొలుసుగా కూసేవి. అది తీతువు కూతేనని అత్త తేల్చింది. “ఇనొద్దు, సెవులు మూసుకో,” అనేది. నేను చెవులు మూసుకుని కూర్చునేదాన్ని. కళ్ళు తిప్పితే గోడ, చెవులు మూస్తే నా గుండె చప్పుడు. నాకు ఏడుపొచ్చేది. పుట్టబోయే బిడ్డ మీద ప్రేమ కంటే ముందు ఆ ఇంటి మీద కోపమొచ్చేది, ఆ కోపం చూసి నాకే భయమేసేది.

వానలు కాస్త తెరిపిచ్చిన రోజుల్లో మా ఆయన పరుగున వచ్చాడు. మోకాళ్ళ దాకా తడిసినా మొహం వెలిగిపోతోంది. జేబులోంచి తాళంచెవి తీసి అత్త ముందు పెట్టాడు.

“అమ్మా, క్వార్టర్ ఇచ్చారు. బాంబూఫ్లాట్‌లో, జెట్టీకి పాస్‌లోనే, నాలుగడుగుల్లో. పక్కా ఇల్లు. వెనక సందులో ఆసుపత్రి. ఇదిగో చాబీ.”

అత్త తాళంచెవి ముట్టుకోలేదు. “ఉంచుకో. పురుడయ్యాక సూద్దాం.”

“బాద్‌మే కాదమ్మా, ఇప్పుడే వెళ్ళాలి. నొప్పులొచ్చే టైముకి పోటు ఉంటే ఏం చేస్తాం?”

“కడుపుతో ఉన్న మనిసి ఇంట్లో ఉండగా ఇల్లు మారకూడదు. నాను పెట్టిన రూలేటి ఇది? మా అమ్మ సెప్పింది, దానికి వాళ్ళమ్మ సెప్పింది. పొయ్యి కదిపితే కడుపు కదుల్తాది. మీ నాయిన నా మాట ఇన్నేడు, ఏటయింది?”

ఆయన తల గోక్కుని, తెలివిగా ఇంకో దారి పట్టాడు. “అయితే దసరా దాకా ఆగుదాం. పాలపిట్టను చూసి కదిల్తే ఏ దోషమూ లేదంటావు కదా. చూసి వెళ్ళిపోదాం.”

నా ప్రాణం లేచొచ్చింది. అత్త కొడుకు మొహంలోకి సూటిగా చూసింది.

“ఏ పాలపిట్ట? ఈ దీవిలో ఉందేటి? నలబై ఏళ్ళు మీ నాయిన మాటకే పెట్టని దణ్ణం, ఇపుడు నీ చాబీ కోసం పెట్టమంటావేటి? పెట్టను. దొంగ దణ్ణం పెడితే బిడ్డకి తగుల్తాది.”

అత్త అబద్ధం ఆడదు. అదే మాకొచ్చిన కర్మ. కాస్త అబద్ధమాడే మనిషైతే మేం ఎప్పుడో బయటపడేవాళ్ళం.

మా ఆయన నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించి అన్నాడు: “మనిద్దరం వెళ్ళిపోదాం. అమ్మ తర్వాత తనే వస్తుంది.”

“రాదు,” అన్నాను. “పంతానికి ఇక్కడే ఉండిపోతుంది. మామయ్యను తీసుకుపోయిన నీళ్ళ మధ్య ఆమెను వదిలేసి, నేను పక్కా ఇంట్లో కాళ్ళు చాపుకుని పడుకోనా?”

అన్నాను గానీ, ఆయన తాళంచెవి మళ్ళీ జేబులో వేసుకుని గట్టు మీద వెళ్ళిపోతుంటే, పరిగెత్తి ఆయన చొక్కా పట్టుకుని నన్నూ తీసుకుపో అనాలనిపించింది. అత్త మీద అంత కోపం నాకు ముందెప్పుడూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

మహాలయ అమావాస్య వచ్చింది. మామయ్యకి ఏడాది నిండలేదు గనుక పెద్దలకి పెట్టుకోవడం లేదు, పోటు మాత్రం ఉంది. అమావాస్యకీ పున్నమికీ పోటు పెద్దదని మాకు ఆపాటికి అలవాటే. ఆ పొద్దున్న మాత్రం అది వాకిలి దాటి గడప ఎక్కింది. నేను చూస్తుండగా వంటింట్లోకి జారి, పొయ్యిలో బూడిదను తేల్చింది. అత్త బియ్యం డబ్బా అటక మీదికెక్కించి, నన్ను మంచమెక్కించింది. ఎక్కేటప్పుడు నడుములో కలుక్కుమని మొదలైన నొప్పి కడుపంతా చుట్టుకుని బిగిసింది.

“అత్తా!”

“ఏటి? నొప్పులేటి? ఇంకా నెల రావాల గదా.”

నేను మంచం పట్టె పట్టుకుని మెలికలు తిరిగాను. అత్త నీళ్ళలో తడబడుతూ అరుగు మీదికి పోయి, “ఓ పోలిరాజూ, ఓ నాయినా,” అని కేకలేసింది. పోలిరాజు చేపలు తీసుకుని పోర్ట్ బ్లెయిర్ బజారుకి పోయాడు. మా ఆయన ఫెర్రీ మీద ఉన్నాడు. అత్త కేక నీళ్ళ మీద అంత దూరం పోయి ఎవరికీ తగలకుండా ఆగిపోయింది. ఇంటి కప్పు మీద కాకి ఒకటి తీరుబడిగా అరవసాగింది.

“చుట్టాలొస్తారత్తా,” అన్నాను పళ్ళ బిగువున. “బియ్యం ఎక్కువ పొయ్యి.”

ఎప్పుడూ లేనిది, నా వెటకారానికి అత్త కసురుకోలేదు. గుమ్మం పట్టుకుని వాకిట్లోకి చూస్తూ నిలబడిపోయింది. మంచం మీంచి నాకూ కనబడుతోంది. మామయ్య ఏటేటా వరి నూర్చిన కళ్ళంలో ఒక అడవి బాతు, దాని వెనక వరసగా పిల్లలు, ఇదేదో వాళ్ళ తాతలనాటి చెరువైనట్టు ఈదుకుంటూ పోతున్నాయి. తల్లి బాతు అరుగు దాకా వచ్చి, అత్తను చూసి కూడా బెదరకుండా, పిల్లల్ని వెనక్కి మళ్ళించింది. వంకరముక్కు పిట్టలు ఎండుచెట్టు మీద ఈకలు దువ్వుకుంటున్నాయి. కొంగలు గట్టు ఉన్న చోట నిలబడి నిద్రపోతున్నాయి.

“ఆటికేటి బెంగ నేదు,” అంది అత్త.

నేను నొప్పి ఓర్చుకుంటూ ఆమె వీపు చూస్తున్నాను.

“ఆ దినం కాకులన్నీ నోరు మూసీసినాయి. ఇయాల నా ఇల్లు మునుగుతుంటే అరుస్తన్నాయి, ఈదుతన్నాయి.” వాకిట్లోకి చూస్తూనే, “ఆటి ఇల్లు ఆటికి దొరికింది. ఇంక నాతో ఏటి సెప్తాయి?” అంది.

వచ్చి మంచం మీద కూర్చుని నా తల ఒళ్ళోకి తీసుకుంది. రెండు చేతులతో నన్ను గట్టిగా అదిమి పట్టుకుంది. ఇంట్లో నీళ్ళు మంచంకోళ్ళని తడుముతూ ఎంతసేపు నిలిచాయో నాకు తెలియదు. పాటు తీయడం మొదలయ్యాక నా నొప్పి కూడా నెమ్మదిగా సడలింది. అది పురిటి నొప్పి కాదని తర్వాత తెలిసింది. ఆ మంచం మీద మాత్రం నేను, ఇక్కడే, ఈ నీళ్ళలోనే నాకు ముగిసిపోతుందనుకున్నాను. అత్త కూడా అదే అనుకుందని ఆమె చేతులే చెప్పాయి.

నీళ్ళు పోయాక అత్త బురద ఊడ్చింది. వంటింటి మూల రెండు చేపపిల్లలు ఎగిరెగిరి పడుతున్నాయి. తోక పట్టుకుని బయటికి విసిరింది. అవి నేల తాకేలోపే పశువులశాల వాసం మీంచి లకుముకి పిట్ట ఒకటి దూసుకొచ్చి ఒకదాన్ని ఎత్తుకుపోయింది. అత్త మొహం తిప్పుకోలేదు. అది కూర్చుని మింగేదాకా చీపురు పట్టుకుని చూస్తూనే ఉంది.

దసరా వచ్చింది. మామయ్య పోయిన ఏడు కాబట్టి మాకు పండగ లేదు, గుమ్మానికి మామిడాకు కూడా కట్టలేదు. మా ఆయన సెలవు పెట్టి వచ్చాడు గానీ తాళంచెవి ఊసెత్తలేదు. దశమి నాటి పోటు చిన్నది, ఇంటి దిబ్బ కిందే నిలబడింది. ఇంకో అయిదారు రోజుల్లో పున్నమి వస్తుంది. ఆ పున్నమి పోటు సంగతి ముగ్గురం మనసులో పెట్టుకున్నాం, ఎవరం పైకి అనలేదు.

నేను లేచేసరికి అత్త తలారా స్నానం చేసి ఉంది. పొయ్యి వెలిగించలేదు. వంటింట్లో పొయ్యి రాయి ఒకటి కడిగి, గుడ్డలో చుట్టి పెట్టింది. దేవుడి దీపం పక్కన పెట్టింది. అడిగితే ఎక్కడ మాట మారుస్తుందోనని నోరు విప్పలేదు.

“పోలిరాజుని డింగీ తెమ్మను,” అంది కొడుకుతో.

“ఎందుకమ్మా?”

“తూము కాడికి ఎల్లాల.”

మామయ్య పోయింది మొదలు అత్త ఆ వైపు అడుగు పెట్టలేదు. మా ఆయన నా వైపు చూశాడు. నేను ఏమీ ఎరగనట్టు కొంగు బిగించుకున్నాను. పోలిరాజు డింగీని దిబ్బ దాకా తెచ్చి, నన్ను చెయ్యి పట్టి దింపాడు. “భాభీ, మధ్యలో కూర్చోండి. హిలకండి, కదిలితే ఒరుగుతుంది,” అన్నాడు. అత్త దీపాన్నీ గుడ్డ మూటనీ ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చుంది.

డింగీ మా పొలం మీద నుంచే పోయింది. కింద గట్లు కనిపిస్తున్నాయి. మామయ్య వేసిన గట్లవి. తూము పూర్తిగా మునిగిపోయింది, దాని రెండు గుంజలు మాత్రం నీళ్ళపైకి ఉన్నాయి. పోలిరాజు తెడ్డు ఆపాడు. ఆ తొలి ఏడు మామయ్య పొద్దంతా తిరిగితే ఒక్క లకుముకి కనిపించింది. ఇప్పుడు పొలం నిండా అవే. వెతకనక్కర్లేకుండా ఒకటి వచ్చి తూము గుంజ మీద వాలింది. వీపంతా నీలం, మెడకి తెల్లటి పట్టీ. కూర్చున్నా నీలమే.

అత్త దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత ఒళ్ళోని మూట పక్కన పెట్టి, రెండు చేతులూ ఎత్తి నుదుటికి ఆనించుకుంది.

“పాలపిట్ట కనబడింది,” అంది. “ఇంక ఇంటికి తిప్పకురా. రోడ్డుకి పోనీ.”

మా ఆయన తల వంచుకున్నాడు. ఆయన ఏడుస్తున్నాడని భుజాలు చూస్తే తెలిసింది. సరిగ్గా అప్పుడే ఆ పిట్ట గుంజ మీంచి నీళ్ళలోకి దబ్బున పడి, ఒక చేపను పట్టుకుని మళ్ళీ గుంజెక్కింది. చేపను ఆ పక్కా ఈ పక్కా కొట్టి, మా అందరి ఎదుటా గుటుక్కున మింగింది.

పోలిరాజు ఇదంతా తెలిసినవాడు. ఆగలేకపోయాడు. “పెద్దమ్మా, అదీ... లకుముకి గదా...”

“పాలపిట్టే,” అంది అత్త. “ఈ దీవిలో పాలపిట్టలు సేపలే తింటాయి. నువ్వు తెడ్డెయ్యి.”

పున్నమి పోటుకి ఆ ఇంటి వంటింటి గోడ కూలిపోయింది. అదే పున్నమికి బాంబూఫ్లాట్ ఆసుపత్రిలో మా పింకీ పుట్టింది. అవన్నీ తర్వాతి సంగతులు. అప్పుడు మాత్రం పోలిరాజు తెడ్డు వేశాడు, డింగీ తూము గుంజల పక్కగా తిరిగింది. నేను నోరు తెరుచుకుని అత్తనే చూస్తున్నాను. ఆమె వెనక్కి తిరిగింది.

“నన్నేటి సూస్తావు?” అంది. “మీ మావ పిట్టకి దణ్ణవెట్టు. ఈపాలి రెండు సేతుల్తో పెట్టు.”